కటకశిల్పి లీవెన్‌హుక్

హాలెండు దేశమున డెల్ఫ్టు అను పట్టణమునందు 1632వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీని ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ జన్మించెను. తండ్రి బుట్టలల్లి జీవించువాడు. కుమారునకు ఆఱవయేడు నిండకమునుపే ఆయన గతించెను. బాలుడు విశ్వవిద్యాలయపు గడప త్రొక్కలేదు. పండితుల భాషయగు లాటినును నేర్వలేదు. పదునాఱవయేట ఆమ్‌స్టర్‌డాము నగరమునకు పోయి యొక బట్టల వర్తకుని యొద్ద పని నేర్చికొని, 1654లో స్వస్థలమునకు మరలివచ్చి, వివాహమాడి, బట్టల అంగడి పెట్టెను. డచ్చివారు మచిలీపట్టణమున వర్తకశాల నుంచుకొని మన తీరపు వస్త్రములను ఓడల కెత్తించుకొని పోవుచుండిన కాలమది. 1660లో ఆయనకు నగరాధికారుల సభాభవనమున సంరక్షకుని ఉద్యోగము లభించెను.

బట్టల వర్తకులు నూలుపోగులను లెక్కించి నేత నాణ్యమును తెలిసికొనుటకు భూతద్దమును వాడుచుండిరి. లీవెన్‌హుక్‌నకు కటకములపై ప్రీతి అంగడిలోనే కలిగియుండునని పలువురి ఊహ. అప్పటికే రెండు మూడు కటకములను గొట్టమున నమర్చిన సూక్ష్మదర్శినులు ఐరోపాలో వ్యాపించియుండెను. చూచుట కవి ఘనమైనవే. కాని మొదటి కటకపు దోషమును రెండవది పెద్దదిగా చేసి చూపుటచే వస్తువుల అంచులకు రంగులు పట్టి రూపము మసకబారుచుండెను. లీవెన్‌హుక్ ఆ ఘనతను కోరక, ఒంటి కటకమునే ఎన్నుకొనెను. గాజుపూస యెంత చిన్నదైన నంత యెక్కువగా పెంచి చూపును. అయితే కంటిని, వస్తువును అంత దగ్గరగా దానికి చేర్చవలెను. నేడు యూట్రెక్టు నగరమున భద్రపఱచియున్న ఆయన పరికరము వస్తువును సుమారు 270 రెట్లు పెంచి చూపుచున్నది. దానితో చూడవలెనన్న వస్తువు కటకమునకు సుమారొక మిల్లీమీటరు దూరముననే ఉండవలెను.

ఇంత చిన్న గాజును కాపాడుట యెట్లు? ఆయన దానిని రెండు లోహపు రేకుల నడుమ నిమిడ్చి, రేకులలో సన్నని రంధ్రము మాత్రము విడిచెను. అందుచే వ్రేళ్ల జిడ్డు గాజునకు తగులదు. అంచులనుండి వచ్చు అస్పష్టమైన వెలుగు కంటికి చేరదు. వస్తువును సూదిమొనపై నిలిపి, మరలు త్రిప్పి ముందు వెనుకలకు జరుపును. పరికరమంతయు అరచేత నిముడును. చక్కగా కుదిరిన వస్తువును కదల్చుటకు మనసొప్పక, తఱచుగా దాని నట్లే యుంచి, క్రొత్త వస్తువునకు క్రొత్త పరికరమును చేసికొనుచుండెను. ఇట్లు ఆయన జీవితమున 500కు పైగా కటకములు తయారైనవి.

1673లో డెల్ఫ్టు వైద్యుడగు డి గ్రాఫ్ ఆయనను లండనునందలి రాయల్ సొసైటీకి పరిచయము చేసెను. మిరియమునకు ఘాటెట్లు కలుగుచున్నది, దానికి నాలుకను గ్రుచ్చు ముండ్లున్నవా యని తెలియగోరి, ఆయన మిరియములను నీట నానవేసి పరీక్షించెను. ముండ్లు కనబడలేదు, కంటికందని ప్రాణులు లెక్కకు మిక్కిలిగా ఈదులాడుచు కనబడెను. 1676లో ఆ వార్త వ్రాయగా పండితులు నమ్మజాలకపోయిరి. ఆయన కోపింపక, మతాచార్యులు మొదలగు ఎనమండుగురిని పిలిచి చూపించి, వారి సాక్ష్యపత్రములను పంపెను. 1677లో రాబర్ట్ హుక్ తానును పరీక్షించి అది నిజమని సభలో చూపెను. 1680లో సొసైటీ ఈ బట్టల వర్తకుని తన సభ్యునిగా ఎన్నుకొనెను. 1683లో ఆయన తన పండ్లపాచిలోని సూక్ష్మజీవులను వర్ణించి వ్రాసెను. 1698లో రష్యా చక్రవర్తి పీటరు సయితము ఆయన పరికరములను చూచి ఆశ్చర్యపడెను.

ఇంతటివానియందును ఒక కొఱత కలదు. తన మేలైన కటకములను ఇతరులకు చూపడు. వాని తయారీవిధానమును ఎవ్వరికిని నేర్పడు. 1723 ఆగస్టు 26న, తొంబదవయేట, ఆయనతో ఆ విద్య అస్తమించెను. సొసైటీకి మరణశాసనమున నిచ్చిన 26 వెండి పరికరములు తరువాతి శతాబ్దమున కనబడకపోయెను. సూక్ష్మజీవులే అనేక రోగములకు హేతువులని పాశ్చర్, కాక్ పండితులు నిరూపించునప్పటికి 19వ శతాబ్దపు ఉత్తరార్ధము వచ్చెను. ఆ ఆలస్యమున కంతకును ఈ గోప్యమే కారణమని మేము చెప్పము. కాని ఆయన యొక్క శిష్యునికైనను నేర్పియుండినచో, ఆ కన్ను, ఆ చేయి మఱికొంతకాలము లోకమునకు దక్కియుండెడివి గదా!

ఇందొక వింతయు కలదు. 2021లో పండితులు యూట్రెక్టు పరికరమును విప్పకయే న్యూట్రాను కిరణములతో పరీక్షించిరి. దానిలోని కటకము గాజుతీగ కొనను కరగించి చేసిన పూసయని తేలెను. అట్టి పద్ధతిని రాబర్ట్ హుక్ 1665లోనే తన గ్రంథపు పీఠికలో అచ్చువేయించియుండెను! అంతగా దాచిన రహస్యము అంగడిలో దొరకు పుస్తకమున నుండెనన్నమాట. పద్ధతి అందఱి సొత్తు. ఓర్పు మాత్రమే ఆయన సొత్తు.

విద్యార్థులారా, నేడు మీలో కొందఱు చిన్న కటకములతో చీమలను, పుప్పొడిని దగ్గరగా ఛాయాచిత్రములు తీయుచున్నారు. కటకమును కొనునపుడు ఎన్ని రెట్లు పెంచునని మాత్రమే అడుగకుడు. అంచులు స్పష్టముగా నున్నవా, వస్తువునకును కటకమునకును నడుమ వెలుగు పడుటకు చాలినంత యెడమున్నదా యని చూడుడు. దుమ్మును ముందుగా గాలితో ఊది, పిమ్మటనే మెత్తని బట్టతో మెల్లగా తుడువుడు. ఇసుకరేణువుపై రుద్దినచో గీత పడును. తేమగల చోట దాచిన గాజునకు బూజు పట్టును గనుక పొడిగా నుంచుడు. మఱియు, మీరు చూచినదానిని ప్రక్కవానికి చూపుడు. ఎట్లు చూచితిరో కూడ చెప్పుడు. లీవెన్‌హుక్ మనకు మొదటిపని నేర్పెను. రెండవదానిని నేర్పకయే వెడలిపోయెను.