రొట్టెల కొరకు వచ్చినవారు: బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యానభాగము: యోహాను సువార్త 6వ అధ్యాయము

సముద్రము దాటి తన్ను వెదకుచు వచ్చిన జనులతో ప్రభువు, కడుపు నిండినందుననే మీరు వచ్చితిరని మొగమాటము లేక చెప్పెను. అయినను వారిని తరిమివేయలేదు. ఆ అధ్యాయములో ఎక్కువ భాగము ఆ ఆకలిగొన్నవారికి చేసిన బోధయే.

మన ప్రాంతమున ఈ భాగము చదివినప్పుడు కొందరికి మనస్సు చివుక్కుమనును. 1876 మొదలు 1878 వరకు ధాత కరువు కర్నూలు జిల్లాను పీల్చి పిప్పి చేసెను. ఆ తరువాత పల్లెలకు పల్లెలే సంఘమున చేరెను. మీ తాతలు గంజి కొరకు మతము మారిరను ఎత్తిపొడుపు నంద్యాలలోను ఆళ్లగడ్డలోను విననివారెవరు? ఆళ్లగడ్డ దాపున ముత్యాలపాడులో ఎస్.పి.జి. మిషను పని ఆ కరువునకు ముందే ఉండెనని మనమెరుగుదుము. అయినను ఆ మాట గుచ్చుకొనును. దాని నుండి తప్పించుకొనక విచారించి చూచిన కాలమువారిలో ఒకరిని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో వెల్లాలన్‌విలై అను పల్లెలో పుట్టిరి. తండ్రి ఆ ఊరి కాపరి. వారిది నాడార్ కులము. ఆ కులమువారిని ఒకప్పుడు గుడులలోనికి రానీయలేదు. వారు గుంపులుగా సంఘమున చేరినప్పుడు కూడ లోకము ఇదే నింద వేసెను. కాబట్టి మన తాతల సంగతి ఆయనకు పరుల సంగతి కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టము పుచ్చుకొనకయే బయటికి వచ్చి, 1895లో వై.ఎం.సి.ఏ. పనిలో చేరిరి. 1898లో అంబు మరియమ్మగారిని కట్నము లేకుండ పెండ్లాడిరి. ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు. ఈ రోజులలోను కాదు.

1903లో తిరునెల్వేలి విశ్వాసులు తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. దాని తరపున 1909లో ఆయన నైజాము రాజ్యములోని దోర్నకల్లుకు వచ్చి, ముప్పది దాటిన వయస్సున తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయనే. 1920 తరువాత కొలది యేండ్లలో నంద్యాల ప్రాంతపు సంఘములును ఆయన కాపుదలలోనికి వచ్చెను.

ఆయనకు దొరికిన మంద ఎట్టిది? అక్షరము రాదు, అప్పు తీరదు, జ్వరము వచ్చిన దయ్యమని తాయెత్తు కట్టుదురు, కూలి డబ్బు కల్లు దుకాణములో పోవును. చదువు, ఆరోగ్యము, నమ్మకము అను మూడును ఒకే తాడులో పేనిన పురులని ఆయన చూచిరి. దయ్యమునకు భయపడువాడు మందు త్రాగడు. చదువు రానివాడు వడ్డీ లెక్క చూడలేడు. అందుచేత ఉపదేశులను తరిఫీదు చేయునప్పుడు వారి భార్యలకును చదువు చెప్పించిరి. దోర్నకల్లులో చదువుకొనువారిచేత పొలము పని చేయించిరి. పుస్తకము చదువలేనివారికి భజనలు, కీర్తనలు, నాటకములే బైబిలుగా నుండెను. మాలలు, మాదిగలు ఒకే బల్లయొద్ద కూర్చుండవలెనని పట్టుబట్టిరి. దీనికి బయటివారికంటె లోపలివారే ఎక్కువ అడ్డము చెప్పిరి. ఇది దాచవలసిన పని లేదు.

1929 మొదలు ఆయన జాతీయ క్రైస్తవ సభకు అధ్యక్షులు. ఆ సభ కోరికపై అమెరికా మెథడిస్టు మిషనరీ పికెట్ గారు దేశములో పలుచోట్ల, మన తెలుగు జిల్లాలలోను, గుంపులుగా సంఘమున చేరినవారి యిండ్లకు పోయి విచారణ జరిపిరి. మీరెందుకు క్రైస్తవులైతిరి? ఆరాధనకు పోవుచున్నారా? పిల్లలు బడికి పోవుచున్నారా? త్రాగుచున్నారా? దయ్యములకు ఇంకను భయపడుచున్నారా? ఇట్టి ప్రశ్నలడిగి లెక్క కట్టిరి. 1933లో అది గ్రంథముగా వెలువడెను.

అందులో తేలినదేమి? ఆత్మకొరకు వచ్చితిమని చెప్పినవారు కలరు, ఆదుకొందురని వచ్చినవారును కలరు, బంధువులతో కూడ నడిచివచ్చినవారును కలరు. అయితే కొన్ని యేండ్లు గడచిన పిమ్మట వారి నడతలో ఎన్నదగినంత భేదము ఆ కారణములనుబట్టి కలుగలేదు. వచ్చిన తరువాత బోధ, కాపుదల, క్రమమైన ఆరాధన దొరికెనా లేదా అను దానినిబట్టియే ఎక్కువ కలిగెను. అడిగినవాడు దొర, చెప్పినవాడు కూలివాడు. ఆ జవాబులన్నియు నూటికి నూరు నమ్మవచ్చునా అని మాకును సందేహమే. అయినను ఆ లెక్క సంఘమును పొగడుటకు కట్టినది కాదు. బోధకుడు లేక విడువబడిన పల్లెలలో పాత భయములు అట్లే నిలిచినవనియు అది చూపెను. అనగా నింద మన తాతల మీద కాదు, వారిని చేర్చుకొని మరచినవారి మీద పడెను.

1936, 37 సంవత్సరములలో గాంధీగారు ఈ గుంపు మార్పులను గట్టిగా ఆక్షేపించిరి. పల్లెవాడును తన దేవుని తానే ఎన్నుకొనగలడని అజరయ్యగారు మర్యాదతోనే వాదించిరి. ఇద్దరును పేదల మేలు కోరినవారే; ఏకాభిప్రాయము మాత్రము కుదరలేదు.

1939 జనవరి 6న దోర్నకల్లులో ఎపిఫనీ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. హిందూ, మహమ్మదీయ శిల్పపు పోకడలు రెండును అందులో కలిసియున్నవి. సంఘముల ఐక్యత కొరకు 1919 నుండి పాటుపడిన ఆయన, అది నెరవేరిన 1947ను చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆ అధ్యక్ష మండలములో విశ్వాసులు రెండు లక్షలకు పైగా నుండిరి. వారిలో మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమల తాతలును, అవ్వలును కలరు.