చార్లెస్ ఫిలిప్ బ్రౌను

అనంతపురము నుండి కదిరికి పోవు బాటలో ముదిగుబ్బ గ్రామము కలదు. ఆ ప్రాంతమంతయు వానలు కొరవడిన మెట్ట భూమి. ఎఱ్ఱ నేలలు, రాతి గుట్టలు, వేరుసెనగ చేలు, నీరింకిన చెఱువులు బాటసారులకు కనబడును. ఈ సీమలోనే, కదిరికి సమీపమున నున్న కటారుపల్లెలో వేమన యోగి సమాధి కలదు. ఇచ్చట అక్షరము నేర్వని కాపులు సైతము వేమన పద్యములను నోటికి చెప్పుదురు. ఆ పద్యములను తాటాకుల నుండి వెలికిదీసి, సరిచూచి, అచ్చొత్తించి లోకమునకు అందించిన మహనీయుడు తెలుగు నేలపై పుట్టినవాడు కాడు. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. ఆ కాలమున కలకత్తా ఈస్టిండియా కంపెనీవారి రాజ్యమునకు రాజధాని. 1911 వరకును ఆ నగరమునకు ఆ గౌరవము ఉండెను. బ్రౌను తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై కలకత్తాలో 1800లో ఫోర్టు విలియం కళాశాల నెలకొన్నప్పుడు ఆయన దానికి అధ్యక్షుడయ్యెను. పలు భాషలు తెలిసిన ఆ తండ్రి తన బిడ్డలకు చిన్ననాటనే ప్రాచ్యభాషలు నేర్పెను. ఇతరుల భాషను గౌరవముతో నేర్చుకొనవలెనను బుద్ధి బ్రౌనునకు పుట్టినింటనే అలవడెను.

1812లో తండ్రి మరణించెను. కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అచ్చట బ్రౌను హెయిలీబరీ కళాశాలలో చదివి కంపెనీ కొలువునకు ఎంపికయ్యెను. 1817 ఆగస్టులో మద్రాసు చేరునాటికి ఆయనకు 18 ఏండ్లు మాత్రమే నిండినవి. తెలుగున ఆయనకు ఒక్క అక్షరమైనను తెలియదు. ఫోర్టు సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు గురువయ్యెను. మూడేండ్లలో బ్రౌను పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను.

ఆ సంవత్సరము, అనగా 1820లో, సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చెను. మన్రో అంతకు పూర్వము అనంతపురమును కేంద్రముగా చేసికొని దత్తమండలములను పాలించినవాడు. ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు న్యాయము చేయజాలడని ఆయన అనుభవమున గ్రహించియుండెను. కళాశాల విద్యార్థులకు ఆయన చేసిన హితబోధ బ్రౌను మనస్సున గాఢముగా నాటుకొనెను. కొలది దినములకే బ్రౌను కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమితుడయ్యెను. నాడు కదిరి తాలూకా కడప జిల్లాలోనిది. 1910లో గాని అది అనంతపురము జిల్లాలో చేరలేదు.

1822లో బ్రౌను మచిలీపట్నమునకు మారెను. అచ్చట ఉన్నపుడు ఫ్రెంచి మతాచార్యుడగు దుబాయి హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథము ఆయన చదువుటకు దొరకెను. అందు వేమన ప్రసక్తి కలదు. తాను తెలుగు దేశమున నుండియు, తెలుగు చదివియు ఎఱుగని కవిని గూర్చి పరదేశి గ్రంథమున చదువుట ఆయనకు ఆశ్చర్యము కలిగించెను. వెంటనే పండితులను విచారించెను. వేమన పద్యములు పామరుల పాటలే గాని కావ్యములు కావని పలువురు చప్పరించి వేసిరి. బ్రౌను వారి మాట విని ఊరకుండలేదు. ఊరూరికి మనుషులను పంపి తాటాకు ప్రతులు తెప్పించెను. ఒక ప్రతిలో నున్న పద్యము మఱియొక ప్రతిలో లేదు. ఒకే పద్యము నాలుగు ప్రతులలో నాలుగు తీరుల నుండెను. వానినన్నిటిని పోల్చి, 693 పద్యములను ఏరి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో ప్రకటించెను. అంతటితో తృప్తి చెందక మరల శ్రమించి 1839లో 1164 పద్యములతో వేఱొక కూర్పును వెలువరించెను.

ఆనాటి తెలుగు సాహిత్యపు దుఃస్థితి తెలిసిననే బ్రౌను కృషియొక్క విలువ బోధపడును. రాజాస్థానములు అంతరించెను. కవులకు పోషకులు కరవైరి. అచ్చు పుస్తకములు మిక్కిలి అరుదు. కావ్యములన్నియు తాటాకులపై గంటముతో వ్రాయబడి అటకలపై పడియుండెను. తాటాకునకు చెదలు శత్రువు, తేమ శత్రువు, పురుగు శత్రువు. ఒక తరము వారు మరల వ్రాయించనిచో ఆ గ్రంథము తరువాతి తరమునకు దక్కదు. వ్రాయసకాడు ఒక అక్షరము తప్పు వ్రాసిన, ఆ తప్పు తరువాతి ప్రతులన్నిటికిని సంక్రమించును. దివిటీ ఆరకముందే ఎవరో ఒకరు నూనె పోయవలసియుండెను.

ఆ పనికి బ్రౌను పూనుకొనెను. కడపలో ఒక బంగళాను కొని అందు పండితులను కూర్చుండబెట్టెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి విద్వాంసులు ఆయన వద్ద పనిచేసిరి. ఒక కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పింతురు. ఒకరు చదువుచుండగా తక్కినవారు తమ ప్రతులతో సరిపోల్చి చూచెదరు. పాఠము నిర్ణయమైన పిమ్మట మంచి కాగితముపై సిరాతో శుద్ధప్రతి వ్రాయింతురు. కఠినమైన కావ్యములకు టీకలు సిద్ధపఱతురు. ఈ బంగళాను జనులు బ్రౌను కళాశాల యని పిలిచెడివారు. ప్రభుత్వము దానికి ధనమీయలేదు. పండితుల జీతములు, కాగితము, లేఖకుల కూలి అన్నియు బ్రౌను తన జీతము నుండియే చెల్లించెను. అది చాలనపుడు అప్పు చేసెను. బీద బాలుర కొఱకు కడపలోను, మచిలీపట్నములోను ఆయన పాఠశాలలు కూడ నడపెను.

1832–33 సంవత్సరములలో గుంటూరు సీమను ఘోరమైన కరువు పట్టి పీడించెను. దానిని ప్రజలు డొక్కల కరువు అనిరి. ఆ జిల్లాలో సుమారు 2 లక్షల మంది మరణించిరని అంచనా. అప్పుడు బ్రౌను గుంటూరులో ఉద్యోగము చేయుచుండెను. ఇతర అధికారులు కొఱత యనియు, ఎద్దడి యనియు మెత్తని మాటలతో లేఖలు వ్రాయుచుండగా, ఆయన కరువును కరువనియే వ్రాసెను. ఆ సూటి మాట పై యధికారులకు రుచింపలేదు. మెట్ట సీమలో పుట్టి పెరిగినవారికి ఈ భేదము చక్కగా తెలియును. ఎద్దడియన్న మాటకు గంజి కేంద్రము పుట్టదు; కరువన్న మాటకు పుట్టును.

బ్రౌను ముక్కుసూటి మనిషి. కోపము కూడ ఆయనకు కొంత యధికమే. పై వారితో పొసగక 1834లో ఉద్యోగము కోల్పోయెను. మఱుసటి సంవత్సరము ఇంగ్లండునకు వెడలెను. ఇట్టి సమయమున వేఱొకడైనచో తన కష్టములనే తలచుకొని కుమిలియుండును. బ్రౌను లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమునకు పోయి, అచ్చట ఎవరును పట్టించుకొనక పడియున్న దక్షిణ భారత భాషల వ్రాత ప్రతులను కనుగొనెను. అవి రెండువేలకు మించియుండెను. వానిని వర్గీకరించి, మద్రాసునకు చేరునట్లు చేసెను. ఆయన తరువాత మరల కంపెనీ కొలువులో చేరి, 1838 నాటికి మద్రాసులో నుండెను. పారశీక భాషానువాదకుడుగా, తెలుగు అనువాదకుడుగా, తపాలా శాఖాధిపతిగా పనిచేయుచునే తెలుగు సేవ సాగించెను.

1840లో ఆయన తెలుగు వ్యాకరణము ఇంగ్లీషున వెలువడెను. 1844లో వసుచరిత్రము, 1851లో మనుచరిత్రము అచ్చయ్యెను. మనుచరిత్రమునకు జూలూరి అప్పయ్య రచించిన వ్యాఖ్యయు అందు చేరెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటితమయ్యెను. ఆ నిఘంటువులో కావ్యములలోని పదములతోపాటు రైతులు, కూలీలు, వర్తకులు నిత్యము పలుకు మాటలు కూడ చోటు చేసికొనినవి. కోర్టులలోను సంతలలోను వినబడు మాటకు కూడ నిఘంటువులో స్థానము కలదని ఆయన తలంచెను. 1853లో అనంతపురము చరిత్రను తెలుపు రాజుల యుద్ధములు అను తెలుగు వచన గ్రంథమును ఇంగ్లీషులోనికి అనువదించి ప్రకటించెను. పాళెగార్ల కాలమున ఈ సీమ పడిన బాధలు అందు కలవు.

తాను కూర్చిన వ్రాత ప్రతులను బ్రౌను తన సొంత ఆస్తిగా దాచుకొనలేదు. వానిని మద్రాసు సాహిత్య సమాజమునకు ఇచ్చివేసెను. అవి పిమ్మట మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమునకు చేరి, తరువాతి పండితుల పరిశోధనలకు ఆధారమయ్యెను.

దేహము సహకరింపక బ్రౌను కొలువు విడచి 1855లో ఇంగ్లండు చేరెను. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. ఆయన వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో కన్నుమూసెను. కెన్సల్ గ్రీన్ శ్మశానమున ఆయన సమాధి కలదు.

బ్రౌను తలపెట్టినదంతయు లోపరహితమని చెప్పరాదు. తన అభిరుచికి సరిపడని వేమన పద్యములను కొన్నిటిని విడచిపెట్టెను. మఱియు ఆయన కీర్తిలో సగపాలు ఆయన చెంత కూర్చుండి రేయింబవళ్లు ప్రతులు దిద్దిన తెలుగు పండితులది. వారి విద్య లేనిదే ఆయన పూనిక ఫలింపదు; ఆయన పూనిక లేనిదే వారి విద్య తాటాకులతో పాటు చెదలపాలగును.

కలకత్తాలో జన్మించి, మద్రాసులో కొలువు చేసి, లండనులో మరణించిన బ్రౌనునకు జీవితమంతయు రాజధానులతోడనే సంబంధము. కాని ఆయన పేరు నేటికిని నిలిచినది కడపలో. శిథిలమైన ఆయన బంగళా స్థలమున జానమద్ది హనుమచ్ఛాస్త్రి మున్నగువారి కృషివలన గ్రంథాలయము వెలసెను. అది తరువాత భాషా పరిశోధన కేంద్రమై, 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయమున చేరినది. ఏ కవిని పండితులు పామరుడని త్రోసిపుచ్చిరో, ఆ కవి పేర వెలసిన విశ్వవిద్యాలయము నీడలో ఆయనను వెలికిదీసినవాని పేర గ్రంథశాల వర్ధిల్లుచున్నది.

విద్యార్థులారా! మీ ఇండ్ల అటకలపైనను, మీ యూరి వృద్ధుల నాలుకలపైనను నేటికిని ఎన్నియో పద్యములు, కథలు, సామెతలు ఉన్నవి. వానిని వ్రాసి పెట్టుకొనుటకు పరదేశి ఎవరో రావలెనని ఎదురుచూడ నక్కరలేదు. ఒక కాగితమును, కొంత ఓపికయు, పెద్దలయెడ గౌరవమును ఉన్న చాలును.