నదుల జాడలు కూర్చిన కాలిన్ మెకంజీ

మన నర్సీపట్నము చెంతనున్న వరాహ, తాండవ నదులవంటి యేళ్లు పూర్వము ఏ త్రోవను పారెనో తెలిసికొనగోరువారికి ముఖ్యాధారములు రెండు: పాత పటములు, గ్రామముల కవిలెలు. ఈ రెంటిని దక్షిణదేశమున ఒకచోట చేర్చిన మహనీయుడు కాలిన్ మెకంజీ.

ఆయన 1754లో స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున జన్మించెను. 1783లో కుంఫిణీ కొలువునకై చెన్నపట్నము చేరి, ఇంజనీరుగా పనిచేసెను. 1800 ప్రాంతమున మైసూరు సర్వేకు అధిపతియై నదులను, చెరువులను, గ్రామములను పటముల కెక్కించెను. కొలతలు ఆయనకు వచ్చును; మన భాషలు రావు. ఆ కొరతను ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య తీర్చెను. బొర్రయ్య ఊరూర కరణములను, పెద్దలను కలిసి, శాసనములకు ప్రతులు వ్రాయించి, కైఫీయతులు సేకరించెను. ఏ రాజు చెరువు కట్టించెనో, ఏ యూరు ఎట్లు వెలసెనో అందు కానవచ్చును. 1803లో బొర్రయ్య పిన్నవయసున మరణింపగా సోదరుడు లక్ష్మయ్య ఆ కార్యమును సాగించెను.

1815లో మెకంజీ భారతదేశపు ప్రథమ సర్వేయరు జనరల్ అయ్యెను. స్వదేశమును మరల చూడకయే 1821 మే 8న కలకత్తా సమీపమున కన్నుమూసెను. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టికలో ఆయన సేకరణ లెక్కకు వచ్చెను: గ్రంథములు 1,568, స్థానిక వృత్తాంతములు 2,070, శాసన ప్రతులు 8,076. చెన్నపట్నమున శిథిలమగుచున్న తెలుగు వృత్తాంతములకు బ్రౌను దొర మరల ప్రతులు వ్రాయించెను. లేనిచో అనేక గ్రామముల గాథ నశించి యుండెడిది.

సోదరులారా! పూర్వపు కరణముల యిండ్లలో మిగిలిన కవిలెలు, పటములు చెదలపాలు గాకముందే మన గ్రంథాలయమునకు చేర్పుడు. మన యేటి పాత నడక వాటియందే దాగి యుండవచ్చును.