బేలా గుట్‌మన్ జీవితము

విదేశమునకు పోయినవానికి విద్యయే చుట్టమని భర్తృహరి అభిప్రాయము. ఆయన శాస్త్రవిద్యనే తలచి యుండవచ్చును. కాలితో బంతిని నడపు విద్యయు అట్టి చుట్టమే కాగలదని బేలా గుట్‌మన్ చరిత్ర తెలుపుచున్నది.

ఆయన 1899 జనవరి 27వ తేదీన హంగేరీ రాజధానియగు బుడాపెస్టు నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులు నాట్యము నేర్పి జీవించువారు. ఆయనయు పదునారవ యేట నాట్యోపాధ్యాయుడుగా యోగ్యతాపత్రము పొందెను గాని, మనస్సు ఫుట్‌బాలుపైననే నిలిచెను. ఆ కాలమున జట్టులోని పదకొండు మందిలో గోలు కాచువాడొకడు, వెనుకవరుసవారిద్దరు, నడిమివరుసవారు ముగ్గురు, ముందువరుసవారైదుగురు. ఆ ముగ్గురిలో నట్టనడుమ నిలుచువాని పని మిక్కిలి కష్టమైనది. ఎదిరివారి దాడిని అడ్డుకొనవలెను. కాలికి చిక్కిన బంతిని ముందున్నవారికి అందీయవలెను. తీరా గెలిచినప్పుడు పేరు మాత్రము గోలు వేసినవానిదే. గుట్‌మన్ స్థానమదియే.

ఎం.టి.కె. అను ప్రసిద్ధమైన జట్టులో చేరి 1921లో దేశ విజేతలలో ఒకడయ్యెను. అయినను స్వదేశమున యూదద్వేషము ప్రబలుటచే 1922లో వియన్నా చేరి, యూదుల సంఘమగు హకోవాలో ప్రవేశించెను. హకోవా యనగా హీబ్రూ భాషలో బలమని అర్థము. ఆస్ట్రియాలో జీతము గొని ఆడువారి పోటీలు మొదలైన 1924-25లో, ఆ తొలియేడే, హకోవా ప్రథమస్థానము గెలుచుకొనెను.

1924లో పారిసు ఒలింపిక్ క్రీడలకు హంగేరీ పక్షమున పోయెను. ఆటగాండ్రకంటె అధికారులే ఎక్కువగా వచ్చిరని కినిసి, చచ్చిన యెలుకలను వారి గదుల తలుపులకు వ్రేలాడదీసెనని చెప్పుదురు. ఆ పోటీలలో హంగేరీ ఈజిప్టు చేతిలో 3-0గా ఓడినది. అటుపిమ్మట ఆయనను దేశజట్టునకు పిలువలేదు. ఎలుకల సంగతి అధికారులు మరచిపోయి యుండరు.

1926లో హకోవా అమెరికాకు పోగా, న్యూయార్కున ఒక్క ఆటను చూచుటకు 46,000 మంది వచ్చిరి. గుట్‌మన్ అచ్చటనే నిలిచిపోయి, 1929లో న్యూయార్కు హకోవా పక్షమున జాతీయ కప్పు గెలుచుకొనెను. ఆ యేడే షేర్ల ధరలు కూలి, కూడబెట్టిన సొమ్ములో పెక్కుభాగము పోయెను. 1932లో వియన్నాకు మరలివచ్చి, మరుసటియేడు ఆట చాలించి శిక్షకుడయ్యెను.

1938లో ఆస్ట్రియా హిట్లరు వశమైనది. హకోవాను మూసివేసిరి. గుట్‌మన్ బుడాపెస్టు చేరి, 1939లో ఉయ్‌పెష్ట్ జట్టును దేశ విజేతగా నిలిపెను. యూదులకు వ్యతిరేకముగా చట్టములు వచ్చుటచే ఆ కొలువు నిలువలేదు. 1944లో జర్మనులు హంగేరీని ఆక్రమించినపుడు ఒక యింటి అటకపై దాగెను. పిమ్మట వెట్టిచాకిరి శిబిరమున చిక్కెను. తనవలెనే శిక్షకుడైన ఎర్నో ఎర్బ్‌స్టైన్ మొదలగువారితో కలిసి అచ్చటినుండి తప్పించుకొనెను. తండ్రియు, తోబుట్టువును నాజీల చేతిలో హతులైరి. పాండవుల అజ్ఞాతవాసమునకు గడువైనను ఉండెను. దీనికి అదియు లేదు. ఈ కాలమును గూర్చి ఆయన తరువాత దాదాపు నోరు మెదపలేదు.

యుద్ధానంతరము రుమేనియాలో కొలువు కుదిరినపుడు, జీతము ధనరూపమున గాక తిండి సరుకులుగా కోరెనట. మన గ్రామములలో చేతివృత్తులవారికి మేర కొలిచినట్లే గదా! విలువ కరగు నోట్లకంటె కూరగాయలు మేలని ఆకలి యెరిగినవానికి వేరుగ చెప్పనక్కరలేదు. 1955లో ఇటలీయందు మిలాను జట్టు అగ్రస్థానమున ఉండగనే ఆయనను తొలగించిరి. అది మొదలు, జట్టు ముందుండగా తన్ను తొలగింపరాదని ఒడంబడికలో వ్రాయించుకొనుచుండెను.

1957లో బ్రెజిలున సావోపాలో జట్టును, 1959లో పోర్చుగల్లున పోర్టో జట్టును గెలిపించి, పిమ్మట లిస్బన్‌లోని బెన్‌ఫికా చేరెను. 1961లో బార్సిలోనాపై 3-2గను, 1962లో రియల్ మాడ్రిడ్‌పై 5-3గను గెలిచి, బెన్‌ఫికా వరుసగా రెండేండ్లు యూరపు కప్పు సాధించెను. మొజాంబిక్ నుండి వచ్చిన యువకుడు యూసేబియో ఆ రెండవ విజయమున రెండు గోలులు వేసెను. అప్పుడు గుట్‌మన్ అదనపు ప్రతిఫలము కోరగా, ఒడంబడికలో అట్టి మాట లేదని పాలకవర్గము నిరాకరించెను. ఆయన వెళ్లిపోయెను. నూరేండ్లవరకు ఆ జట్టు యూరపు కప్పు గెలువదని శపించెనని వాడుక. ఆ తరువాత 1963, 1965, 1968, 1988, 1990లలో తుదిపోటీకి చేరియు బెన్‌ఫికా ఓడిపోయిన మాట నిజమే. అయితే శపించినవాడే 1965లో తిరిగివచ్చి ఒక యేడు అదే జట్టునకు శిక్షణ నిచ్చెను. ఈ సంగతిని శాపకథ చెప్పువారు తరచు విడిచిపెట్టుదురు.

1981 ఆగస్టు 28వ తేదీన గుట్‌మన్ వియన్నాలో మరణించెను. 1990 తుదిపోటీ ఆ నగరముననే జరిగెను. ఆటకు ముందు యూసేబియో గురువు సమాధికడకు పోయి ప్రార్థించెను. బెన్‌ఫికా 1-0గా ఓడినది. గెలిచినది మిలాను.