మహాత్ముని గడియారము

మహాత్మాగాంధి తనువు చాలించునాటికి ఆయన సొత్తని చెప్పదగినవి వ్రేళ్లమీద లెక్కింపదగిన వస్తువులు మాత్రమే. కళ్లజోడు, చెప్పులు, భోజనపాత్రలు, చేతికఱ్ఱ మొదలగువానితో పాటు వానిలో ఒక జేబుగడియారమును ఉండెను. చొక్కాయే తొడుగనివారికి జేబుగడియారమెందుకని మీకు నవ్వు రావచ్చును. ఆయన దానిని ఒక త్రాటితో మొలకు కట్టి, ధోవతి అంచున వ్రేలాడునట్లు ఉంచుకొనెడివారు. ఆ కాలపు ఛాయాచిత్రములను పరికించి చూచినచో అది మీకే కనబడును. ఆయన వాడిన గడియారములలో ఒకటి 2009 వ సంవత్సరమున న్యూయార్కు నగరములో, కళ్లజోడు, చెప్పులు, పళ్లెము, గిన్నెలతో కూడ వేలమునకు వచ్చి 18 లక్షల డాలరులకు అమ్ముడుపోయినది. ప్రజాధనములో ప్రతి పైసాకు లెక్క వ్రాయించిన ఆయన ఈ ధర విన్నచో ఏమనియుండెడివారో! ఇల్లు, ఆస్తి, వృత్తి అన్నిటిని విడిచిన మనిషి గడియారమును మాత్రము విడువకపోవుటకు గల కారణమును వెదకవలెనన్న మనము ఆయన చదివిన బడికి పోవలెను.

1869 అక్టోబరు 2 వ తేదీన పోరుబందరులో జన్మించిన మోహనదాసు, తండ్రి కరంచందు ఉద్యోగరీత్యా కుటుంబము రాజకోటకు మారుటచే అచటి ఉన్నత పాఠశాలలో చదువుకొనెను. ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు దోరాబ్జీ ఎదుల్జీ గిమీ అను పారసీ పెద్దమనిషి. ఆయన కట్టుబాటు గలవాడు, బాగుగా బోధించువాడు. పై తరగతుల బాలురకు వ్యాయామమును, క్రికెట్టు ఆటను విధిగా ఏర్పరచెను. మోహనదాసునకు అది రుచింపలేదు. అతని తండ్రి వ్యాధిగ్రస్తుడై మంచము పట్టియుండెను. బడి విడువగనే ఇంటికి పరుగెత్తి తండ్రికి పరిచర్య చేయుటయే ఆ బాలుని కోరిక. తనను వ్యాయామమునుండి మినహాయింపుమని వేడుకొనెను గాని గిమీగారు వినలేదు.

ఒక శనివారమునాడు బడి ఉదయము జరిగెను. సాయంకాలము నాలుగు గంటలకు బాలురు ఇండ్లనుండి మరల వ్యాయామమునకు రావలసియుండెను. మోహనదాసు వద్ద గడియారము లేదు. ఆకాశమునిండ మబ్బులు క్రమ్మియుండుటచే ప్రొద్దు తెలియలేదు. అతడు మైదానమును చేరునప్పటికి అందరును వెళ్లిపోయిరి. మరునాడు గిమీగారు హాజరుపట్టీ చూచి, అతడు రానట్లు గుర్తు వేసియుండుట కనుగొని, కారణమడిగెను. ఆ బాలుడు జరిగినదంతయు ఉన్నదున్నట్లు చెప్పెను. ప్రధానోపాధ్యాయుడు నమ్మలేదు, ఒక అణాయో రెండణాలో జరిమానా విధించెను.

ఆ ప్రధానోపాధ్యాయుని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. బడిలో ఏండ్ల తరబడి పనిచేసినవాడు మబ్బుల మీదను, ఎడ్లబండ్ల మీదను, తాతగారి జ్వరము మీదను మోపబడిన సాకులను వందలకొలది వినియుండును. వానిలో నిజమైనది ఏదో ముఖము చూచి పోల్చుట అంత సులభము కాదు. కాని ఆ బాలుని బాధ జరిమానా చెల్లింపవలసి వచ్చినందుకు కాదు. తాను అబద్ధమాడినవాడుగా నిర్ణయింపబడెను. తాను నిర్దోషినని రుజువు చేసికొను దారి లేదు. ఇంటికి పోయి అతడు వెక్కివెక్కి ఏడ్చెను. సత్యమును పలుకువాడు జాగరూకుడు కూడ కావలెనని ఆనాడు తనకు బోధపడినట్లును, పాఠశాలలో తన అజాగ్రత్తకు అదియే మొదలు, అదియే తుది అనియు ఆయన తరువాత ఆత్మకథలో వ్రాసికొనిరి. జరిమానా చివరకు రద్దయినట్లు ఆయనకు లీలగా జ్ఞాపకము. తండ్రియే స్వయముగా ఉత్తరము వ్రాయుటచే వ్యాయామమునుండి మినహాయింపు కూడ లభించెను. అయినను ఆ మబ్బుపట్టిన సాయంకాలము ఆయన మనస్సునుండి తొలగిపోలేదు.

1888 లో ఇంగ్లండునకు పోయి న్యాయశాస్త్రము చదివి, 1891 లో తిరిగివచ్చి, 1893 నుండి 1914 వరకు దక్షిణాఫ్రికాలో భారతీయుల హక్కులకై పోరాడిన కథ మీరు ఇతర గ్రంథములలో చదివియే యుందురు. మరల స్వదేశమునకు వచ్చిన పిమ్మట సబర్మతీ తీరమున ఆయన నెలకొల్పిన ఆశ్రమమును గూర్చి మాత్రము ఒకమాట చెప్పవలెను. అచట దినచర్య అంతయు గంట మ్రోతను అనుసరించి సాగెడిది. తెల్లవారుజామున నాలుగు గంటలకు మేలుకొలుపు, నాలుగుంబావునకు ప్రార్థన, రాత్రి తొమ్మిదింటికి నిద్ర. పెద్దవారికొక నియమము, పిన్నవారికొక నియమము అని లేదు. కుష్ఠురోగి గాయము కడుగుటకు పెట్టుకొన్న వేళయు, దేశనాయకునితో మాటాడుటకు ఇచ్చిన వేళయు ఆయన దృష్టిలో సమానములే. సందర్శకులతో గాంధీజీ మనసు విప్పి మాటాడుదురు, నవ్వింతురు. కాని వారికిచ్చిన సమయము కాగానే గడియారము మొలనుండి చేతిలోనికి వచ్చెడిది. వెలుపల మరియొకరు వేచియున్నారని దాని అర్థము.

1917 నవంబరులో గుజరాతు రాష్ట్రీయ రాజకీయ మహాసభ గోధ్రా పట్టణమున గాంధీజీ అధ్యక్షతన జరిగెను. లోకమాన్య తిలకు మహాశయుడు ఆ సభకు అరగంట ఆలస్యముగా విచ్చేసిరి. ఆనాటికి తిలకుకు 61 సంవత్సరములు, దేశమునకంతకు తలమానికము, గాంధీజీ ఇంకను నలువది యెనిమిదేండ్లవారు. గాంధీజీ ఆయనను మిక్కిలి గౌరవముతో ఎదుర్కొని ఆసీనుని చేసిరి. పిదప సభలోనే, లోకమాన్యులు అరగంట ఆలస్యమైరనియు, స్వరాజ్యము అరగంట ఆలస్యముగా వచ్చినచో ఆ బాధ్యత వారిదే యగుననియు మృదువుగా చెప్పిరి. పెద్దల లోపమును నలుగురిలో ఎత్తిచూపుట మర్యాదయేనా అని మీరు ప్రశ్నింపవచ్చును. అది ప్రశ్నింపదగినదే. నాకు తోచినది ఇది: మన దేశమున సభకు ఎంత ఆలస్యముగా వచ్చిన అంత పెద్దమనిషి అను దురభ్యాసము పాతుకొనియున్నది. ఎండలో కూర్చున్న వేలమంది తరఫున అడుగువారెవరు? గాంధీజీ ఆ పని చేసిరి. తిలకుపై ఆయన భక్తి అణుమాత్రమైనను తగ్గలేదు.

వేళకు వచ్చుటకన్న కష్టమైనది మరియొకటి గలదు. అది ఒప్పుకొన్న కార్యమును మానుకొనవలసి వచ్చినప్పటి నడవడి. 1922 ఫిబ్రవరి 1 వ తేదీన గాంధీజీ రాజప్రతినిధి రీడింగు ప్రభువునకు ఉత్తరము వ్రాసి, ఏడు దినములలో ప్రభుత్వము తన పద్ధతి మార్చుకొననిచో బార్డోలీ తాలూకాలో శాసనోల్లంఘనము ప్రారంభింతుమని తెలిపిరి. దేశమంతయు ఊపిరి బిగబట్టి ఎదురుచూచుచుండెను. గుంటూరు మండలమున పెదనందిపాడు ప్రాంతపు రైతులు అప్పటికే పన్నులు చెల్లించుట మానియుండిరి. ఇంతలో గోరఖ్‌పూరు మండలమున చౌరీచౌరా గ్రామములో జనసమూహము పోలీసుఠాణాకు నిప్పుపెట్టగా ఇరువదిమందికి పైగా రక్షకభటులు మరణించిరి. గాంధీజీ ఉద్యమమును నిలిపివేసిరి. కారాగృహములందున్న మోతీలాలు నెహ్రూ, లాలా లజపతిరాయి వంటివారు కూడ ఆగ్రహించిరి. శత్రువునకు వ్రాసి పంపిన మాటను వెనుకకు తీసికొనుట అవమానమని అనేకులు భావించిరి. ఆయన సాకులు వెదకలేదు, ఆరోగ్యము బాగులేదనలేదు, నెపమును ఇతరులపై త్రోయలేదు. బార్డోలీలో కార్యనిర్వాహకవర్గమును సమావేశపరచి నిర్ణయము చేయించి, తన పత్రికలో కారణమును దేశమునకు వివరముగా తెలిపి, ఐదు దినములు ఉపవసించిరి. ఆ నిర్ణయము మంచిదా కాదా అనుటపై చరిత్రకారులు నేటికిని వాదులాడుచున్నారు. కాని ఎదురుచూచుచున్న వారిని చీకటిలో ఉంచెనని మాత్రము ఎవరును అనజాలరు.

ఎనిమిదేండ్లకు అట్టి మాటనే మరల ఇచ్చి, దానిని నిలుపుకొనిరి. 1930 మార్చి 2 వ తేదీన ఇర్విను ప్రభువునకు వ్రాసిన లేఖలో, 11 వ తేదీలోపల తగిన ప్రత్యుత్తరము రానిచో ఉప్పు శాసనమును ధిక్కరింతునని తెలిపిరి. మార్చి 12 వ తేదీ ఉదయము ఆరున్నర గంటలకు 78 మంది అనుచరులతో ఆశ్రమమునుండి కాలినడకన బయలుదేరిరి. ఏ దినమున ఏ గ్రామమున ఆగుదురో ముందుగనే ప్రకటింపబడెను. అరువదేండ్ల వృద్ధుడు దాదాపు 240 మైళ్లు నడచి, ఏప్రిలు 5 వ తేదీన దండి చేరి, మరునాటి ఉదయము సముద్రతీరమున ఉప్పు నెత్తెను. రాజ్యము నేలువారికి ఇచ్చిన గడువైనను, దారిలోని పల్లెవారికి ఇచ్చిన గడువైనను ఆయనకు ఒక్కటియే.

1947 జూను 2 వ తేదీన దేశవిభజన ప్రణాళికను గూర్చి చర్చించుటకు మౌంటుబాటను ప్రభువు ఆయనను పిలిచెను. అది సోమవారము, ప్రతి సోమవారము గాంధీజీకి మౌనవ్రతము. ఆయన రాకమానలేదు, వ్రతము విడువలేదు. సమయమునకు హాజరై, తాను చెప్పదలచినది వాడిన కవరుల వెనుక పెన్సిలుతో వ్రాసి చూపిరి.

ఇక చివరిదినము. 1948 జనవరి 30, శుక్రవారము. ఢిల్లీలో మతకల్లోలములు చల్లార్చుటకై చేసిన నిరాహారవ్రతము ముగిసి పండ్రెండు దినములైనది. గాంధీజీ బిర్లాభవనమున నివసించుచుండిరి. ప్రతిదినము సాయంకాలము ఐదింటికి ఆ భవనపు తోటలో సర్వమత ప్రార్థన జరుగును. వందలమంది వచ్చి కూర్చుందురు. ఆనాడు నాలుగు గంటలకు సర్దారు వల్లభాయి పటేలు తన కుమార్తె మణిబెనుతో వచ్చిరి. పటేలునకు, ప్రధానమంత్రి నెహ్రూకు నడుమ పొరపొచ్చెములు వచ్చియుండెను. క్రొత్తగా పుట్టిన స్వతంత్రదేశమునకు ఆ ఇరువురు రెండు భుజములు. భుజములు విడివడకుండ చూచుట గాంధీజీ తలపెట్టిన కార్యము. ఆ సంభాషణ ఎంత ముఖ్యమైనదో మీరే ఊహించుకొనుడు. నడుమ కాథియవాడునుండి వచ్చిన ఇరువురు కార్యకర్తలు దర్శనము కోరుచున్నారని కబురు రాగా, తాను బ్రతికియున్నచో ప్రార్థనానంతరము మాటాడెదనని చెప్పించిరి.

ఐదు గంటలైనది. తోటలో జనులు ఎదురుచూచుచుండిరి. మనుమరాలి వరుసయైన ఆభా లోపలికి వచ్చి నిలుచుండెను. మాటకు అడ్డుపడ సాహసింపలేక గడియారమును ఎత్తి ఆయన కంటికి కనబడునట్లు చూపెను. సంభాషణ సాగుచునే యుండెను. మరి పది నిముషములకు గాని ఆయన లేవలేదు. ఆభా, మనూ అను ఇరువురు బాలికల భుజములపై చేతులు వైచి, వేగముగా నడచుచు, ఆలస్యమైనందుకు వారిని మందలించిరి. అంతటి గంభీరమైన చర్చను ఎట్లు ఆపుదుమని బాలికలు సమాధానము చెప్పుకొనిరి. దానికి ఆయన, రోగికి మందు ఇయ్యవలసిన వేళకు పరిచారిక సంకోచించినచో రోగి మరణించుననియు, ప్రార్థనకు ఒక్క నిముషము ఆలస్యమైనను తనకు బాధ కలుగుననియు పలికిరి. పటేలును తొందరపెట్టినచో తప్పు. జనులను నిలిపియుంచినచో తప్పు. ఏ పక్షమునకును ఇచ్చినమాట సంపూర్ణముగా చెల్లించుటకు వీలులేని సంకటమది. అట్టి సంకటములు పెద్దలకు తరచుగా కలుగును. ఆయన దానిని అతిథిపై మోపలేదు.

ఆలస్యమును కొంతయైనను పూడ్చుటకై దగ్గరిత్రోవన పచ్చికకు అడ్డముగా నడచి, మెట్లెక్కి ప్రార్థనాస్థలము చేరిరి. జనులు చీలి దారి యిచ్చిరి. గాంధీజీ చేతులు జోడించిరి. ఒక మనుష్యుడు గుంపునుండి ముందునకు వచ్చి వంగెను. పాదములకు మ్రొక్కవచ్చినాడని తలచి మనూ, బాపూజీకి ఇప్పటికే పది నిముషములు ఆలస్యమైనదని చెప్పుచు అతనిని అడ్డగించెను. అతడు ఆమెను ప్రక్కకు త్రోసెను. ఆమె చేతిలోని జపమాల, పుస్తకము నేలబడెను. మూడు తుపాకిగుండ్లు ఆ వృద్ధుని శరీరమున దూరెను. అప్పుడు సమయము ఐదుగంటల పదునేడు నిముషములు.

అప్పుడే వెడలిపోయిన పటేలు తిరిగి పరుగున వచ్చిరి. నెహ్రూకును, మౌలానా ఆజాదునకును ఆనాటి రాత్రి ఏడు గంటలకు గాంధీజీ సమయమిచ్చియుండిరి. నెహ్రూ ఏడింటికి చాల ముందుగనే వచ్చి, మోకాళ్లపై కూలబడి, నెత్తుటితో తడిసిన ఆ వస్త్రములలో ముఖము దాచుకొని బాలునివలె ఏడ్చిరి.