రాళ్లే కాదు, తిత్తీ తీయాలన్నాడు

గాల్‌బ్లాడర్‌ ఆపరేషన్‌ ఇవాళ దాదాపు ప్రతి కుటుంబంలోనూ వినిపించే మాటే. పొట్టపై మూడు నాలుగు చిన్న గాట్లు, ఒకట్రెండు రోజుల్లో ఇల్లు. దీనికి తొలి బాట వేసిన సర్జన్‌ కార్ల్‌ లాంగెన్‌బుఖ్‌.

ఆయన 1846లో జర్మనీలోని కీల్‌ నగరంలో పుట్టారు. ముప్పై ఏళ్లు నిండకముందే బెర్లిన్‌లోని లాజరస్‌ ఆసుపత్రి బాధ్యతలు చేపట్టారు. అప్పట్లో పిత్తాశయంలో రాళ్లుంటే నొప్పికి మార్ఫిన్‌ ఇచ్చేవారు. కొందరు సర్జన్లు పిత్తాశయాన్ని కోసి, రాళ్లు తీసేసి, తిత్తిని మాత్రం లోపలే వదిలేసేవారు. కొన్నాళ్లకు మళ్లీ రాళ్లు తయారయ్యేవి. రాళ్లున్నాయని కాదు, రాళ్లను తయారుచేస్తోంది కాబట్టి తిత్తినే తీసేయాలన్నది లాంగెన్‌బుఖ్‌ వాదన.

అది లేకుండా మనిషి బతుకుతాడా? గుర్రానికి, ఏనుగుకు పిత్తాశయమే ఉండదు. పిత్తాశయం తీసేసినా కుక్కలు బతుకుతాయని 17వ శతాబ్దంలోనే తేలింది. అయినా ఆయన తొందరపడలేదు. మృతదేహాలపై ఏళ్ల తరబడి సాధన చేశారు. 1882 జులై 15న, పదహారేళ్లుగా నొప్పితో నలిగిపోతున్న 43 ఏళ్ల రోగికి పిత్తాశయం మొత్తం తొలగించారు. మర్నాటికి ఆ రోగికి జ్వరం లేదు, నొప్పి పెద్దగా లేదు. కొన్ని వారాలకు ఇంటికి వెళ్లిపోయాడు.

కడుపు ఆపరేషన్లకు కొత్తదారి చూపిన ఆయన్ని చివరికి కడుపు జబ్బే తీసుకెళ్లింది. అపెండిక్స్‌ ఇన్‌ఫెక్షన్‌ ముదిరి 1901లో, 54 ఏళ్లకే కన్నుమూశారు.

తిత్తి మొత్తం బయటకు రావడం వల్ల మరో మేలు జరిగింది. దాని గోడను మైక్రోస్కోపు కింద పరీక్షించే వీలు కలిగింది. వ్యాధి ఆనవాళ్లను కణాల్లో వెతకాలని చెప్పిన రుడాల్ఫ్‌ విర్కో కూడా ఆ కాలంలో బెర్లిన్‌లోనే పనిచేశారు. రాళ్లని తీసిన పిత్తాశయంలో అరుదుగా, సుమారు వందలో ఒకరికి, ఎవరూ ఊహించని క్యాన్సర్‌ బయటపడుతుంది. స్కానింగ్‌లో కనిపించదు. ఆపరేషన్‌ చేసేటప్పుడూ అనుమానం రాకపోవచ్చు. బయాప్సీలోనే తెలుస్తుంది.

క్యాన్సర్‌ గోడలోని లోపలి పొరకే పరిమితమై, పూర్తిగా బయటకు వచ్చేస్తే చేసిన ఆపరేషనే చాలావరకు సరిపోతుంది. కండర పొరలోకి లేదా అంతకంటే లోతుకు వెళ్తే స్కాన్లు తీసి, పక్కనున్న కొంత కాలేయాన్ని, లింఫ్‌ గ్రంథులను తొలగించే రెండో ఆపరేషన్‌ అవసరం కావచ్చు. ఇందులో ఆలస్యం ప్రమాదకరం.

ఆపరేషన్‌ అయ్యాక రాళ్లను చిన్న సీసాలో వేసి ఇస్తారు. చూడవచ్చిన బంధువులందరికీ చూపిస్తాం. బయాప్సీ రిపోర్టు మాత్రం ల్యాబ్‌లోనే ఉండిపోతుంది. నెలల తర్వాత కామెర్లతో మా వార్డుకు వచ్చిన ఓ పెద్దావిడ ఫైల్లో ల్యాబ్‌ రసీదు ఉంది, రిపోర్టు లేదు. తెప్పించి చూస్తే అందులో క్యాన్సర్‌ అని రాసి ఉంది. అప్పటికే అది కాలేయంలోకి పాకింది.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్‌ జరిగితే, తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపారా అని అడగండి. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజే రిపోర్టు తీసుకుని సర్జన్‌కు చూపించండి. ఎక్కువమందికి అందులో భయపడాల్సిందేమీ ఉండదు. ఆ మాట కూడా రిపోర్టు చూశాకే అనుకోవాలి.