నియాన్ వెలుగు: సర్ విలియం రామ్సే

పాతకాలపు నిక్సీ గొట్టాలను సేకరించి గడియారాలు నిర్మించడం నేడు అనేకులకు అభిరుచి. ఆ గాజు గొట్టంలో అంకెల ఆకృతిగల సన్నని తీగలు ఒకదాని వెనుక ఒకటి అమరి ఉంటాయి. విద్యుత్తు అందిన తీగ చుట్టూ నియాన్ వాయువు నారింజ కాంతితో ప్రకాశిస్తుంది. ఆ వాయువును ఆవిష్కరించిన మహనీయుడు సర్ విలియం రామ్సే.

ఆయన 1852 అక్టోబరు 2న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. 1887లో లండన్‌లోని యూనివర్సిటీ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యులయ్యారు. గాలి నుండి గ్రహించిన నత్రజని, రసాయన పదార్థాల నుండి పొందిన నత్రజని కంటె కొద్దిగా బరువైనదని లార్డ్ రేలీ గమనించారు. అత్యల్పమైన ఆ భేదాన్ని రామ్సే ఉపేక్షించలేదు. దాని మూలాన్ని అన్వేషించగా 1894లో ఆర్గాన్ బయల్పడింది. 1898లో మోరిస్ ట్రావర్స్‌తో కలిసి, ద్రవీకరించిన గాలిలోని అంశాలను వేరుచేసి క్రిప్టాన్, నియాన్, జినాన్ వాయువులను కనుగొన్నారు. ఈ కృషికి 1904లో నోబెల్ బహుమతి లభించింది.

మన దేశంతోనూ ఆయనకు అనుబంధం ఉంది. జంషెడ్‌జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థకు తగిన స్థలాన్ని నిర్ణయించడానికి 1900లో ఇక్కడ పర్యటించి, బెంగుళూరును సూచించారు. ఆ సంస్థకు ట్రావర్సే తొలి సంచాలకులయ్యారు. రామ్సే 1916లో పరమపదించారు.

ఆయన అనంతరం, 1950లలో వెలువడిన నిక్సీ గొట్టాలు ఎల్.ఇ.డి. దీపాల రాకతో మూలపడ్డాయి. ఔత్సాహికుల చేతిలో అవి మరల వెలుగుతున్నాయి. స్వల్పమని ఇతరులు విడువదగిన దానిని విడువని ఒక శాస్త్రజ్ఞుని దీక్షయే ఆ వెలుగుకు మూలం.